తెలుగు మీడియమా, ఇంగ్లీష్ మీడియమా: ఇంటర్ నుంచి పీజీ దాకా ఏది ఎవరికి కుదురుతుంది

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారంలో మా ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. కావలి, కందుకూరు కాలేజీల్లో 28 ఏళ్లు ఎకనామిక్స్ చెప్పి రిటైరయిన వాణ్ని కాబట్టి, పిల్లల చదువు దగ్గర నా మాట కూడా ఒకటి వినిపోదామని వస్తారు. మొన్న కలిగిరి దగ్గరి పల్లె నుంచి ఒక పొగాకు రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పాప పదో తరగతి తెలుగులో రాసింది, మంచి మార్కులు వచ్చాయి. "సార్, ఇంటర్ ఇంగ్లీష్ మీడియంలోనే చేర్చమంటా ఉండారు అందరూ. ఈమేమో భయపడతా ఉంది. మీరేమంటారు?" అన్నాడు. పాప తలొంచుకుని కూర్చుంది.

నేను జవాబు చెప్పకుండా పాపనే అడిగాను, ఏం చదవాలనుకుంటున్నావమ్మా అని. "నర్సింగ్" అంది. ఆ ఒక్క మాటతో నా సలహా సగం తేలిపోయింది. అదే పాప "టీచర్" అని ఉంటే ఇంకోలా చెప్పేవాణ్ని, "గ్రూప్స్ రాస్తాను" అంటే మరోలా. మీడియం గురించి అడిగేవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పేవాళ్లను నేను నమ్మను.

మీడియం అనే మాటలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. క్లాసులో పాఠం ఏ భాషలో విడమరిచి చెబుతారు అన్నది ఒకటి. పరీక్షలో ఏ భాషలో రాయాలి అన్నది రెండోది. ఈ చదువు అయ్యాక ఎక్కబోయే మెట్టు ఏ భాష అడుగుతుంది అన్నది మూడోది. ఈ మూడూ ఒకటే అనుకుని నిర్ణయం తీసుకోవడం వల్లే ఎక్కువమంది ఇబ్బంది పడుతున్నారు. అప్లికేషన్‌లో ఇంగ్లీష్ మీడియం అని టిక్కు పెట్టి చేరిన క్లాసులో కూడా సగానికి పైగా తెలుగే వినిపిస్తుంది, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ కాలేజీకి వెళ్లి కూర్చున్నా. పిల్లలు తెలుగులో విని, ఇంగ్లీష్ నోట్సు బట్టీ పట్టి, ఇంగ్లీష్‌లో రాస్తున్నారు. విన్నదానికీ రాసేదానికీ మధ్య ఉన్న గుంతను ఎవరు పూడ్చాలో ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 2021-22 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీష్ మీడియంలోనే నడపాలని ఉన్నత విద్యామండలి నిర్ణయించింది. కాబట్టి "డిగ్రీలో తెలుగు మీడియం తీసుకుంటాంలే" అనే పాత లెక్క ఇప్పుడు నడవదు. ఎంచుకునే అవకాశం ఇంటర్ దగ్గర ఉంది, ఎంట్రన్స్ పరీక్షల్లో ఉంది, ఉద్యోగ పరీక్షల్లో ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ కాలేజీలో ఏ సారు దగ్గర చదవాలన్న దాంట్లో ఉంది.

రెండు వైపులా నష్టం ఉంది

నేను ఇంటర్, డిగ్రీ తెలుగు మీడియంలోనే చదివాను. డిగ్రీలో క్లాసు ఫస్టు నేనే. పీజీకి యూనివర్సిటీకి వెళ్లిన మొదటి నెలలో సెమినార్ పెట్టి, డిమాండ్ సూత్రం గురించి 10 నిమిషాలు ఇంగ్లీష్‌లో మాట్లాడమన్నారు. విషయం మొత్తం నాకు వచ్చు. నోరు పెగల్లేదు. "అసలు డిగ్రీ ఎలా పాసయ్యావయ్యా?" అన్నారు ఆ సారు, అందరి ముందూ. ఆ రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని అదే పాఠాన్ని తెలుగులో నాలుగు పేజీలు రాశాను, నాకు నిజంగా వచ్చా రాదా అని చూసుకోవడానికి. వచ్చు. ఆ సారుకు కనిపించింది నా ఇంగ్లీష్ ఒక్కటే. దాన్నిబట్టి నా ఎకనామిక్స్‌కు మార్కులు వేశారు. ఆ రెండేళ్లలో నాతో చేరిన తెలుగు మీడియం వాళ్లు ఇద్దరు చదువు మానేసి ఊరికి వెళ్లిపోయారు. వాళ్లు నాకన్నా తెలివైనవాళ్లు.

దీనికి తిరగేసిన కథ కూడా చూశాను. నెల్లూరు టౌన్‌లో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి వచ్చిన కుర్రాడు ఒకడు నా క్లాసులో ఉండేవాడు. ఇన్‌ఫ్లేషన్ (ధరలు పెరుగుతూ పోవడం) అంటే ఏమిటని అడిగితే పుస్తకంలోని నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడు. "మీ ఇంట్లో నెలకు 5 నూనె ప్యాకెట్లు కొనే అమ్మ ఈ నెల 4 కొన్నది. దానికీ నువ్వు చెప్పినదానికీ సంబంధం ఏమిటి?" అని అడిగితే నా మొహం చూశాడు. వాడి ఇంగ్లీష్ వింటే ఎవరికీ అనుమానం రాదు కాబట్టి, వాడికి పాఠం అర్థం కాలేదన్న సంగతి చివరి సంవత్సరం దాకా బయటపడలేదు. తెలుగు మీడియం పిల్లవాడి లోటు మొదటి రోజే కనిపిస్తుంది, ఇంగ్లీష్ మీడియం పిల్లవాడిది చాలా ఆలస్యంగా కనిపిస్తుంది. మీ పిల్లలు ఏ వైపు ఉన్నారో చూసుకోవడానికి నేను చెప్పే పరీక్ష ఒకటే: ఈ వారం చదివిన పాఠాన్ని ఇంట్లో అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్పగలిగితే ఏ మీడియం అయినా భయం లేదు. చెప్పలేకపోతే మార్కులు ఎన్ని వచ్చినా నమ్మకండి.

పుస్తకంలోని తెలుగు మన తెలుగేనా

తెలుగు మీడియం అంటే మాతృభాషలో చదువు అనుకుంటాం. పుస్తకం తెరిస్తే సంగతి వేరుగా ఉంటుంది. డిగ్రీ స్థాయి పుస్తకాలు తెలుగులో దొరుకుతున్నాయంటే 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుణ్యమే, ఆ సేవను తక్కువ చేసి మాట్లాడను. నేను చదువుకున్నదీ ఆ పుస్తకాలతోనే. అయితే వాటిలోని పారిభాషిక పదాలు ఎక్కువగా సంస్కృతంతో కట్టినవి. ఎకనామిక్స్‌లో "క్షీణోపాంత ప్రయోజన సూత్రం" అని ఒకటి ఉంది. ఎండాకాలం బయట తిరిగి ఇంటికొస్తే మొదటి గ్లాసు మజ్జిగ ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. రెండోది బాగానే ఉంటుంది. మూడోది ఎవరైనా పోస్తుంటే చెయ్యి అడ్డం పెడతాం. సూత్రం అంతే. మజ్జిగతో చెబితే నిమిషంలో అర్థమయ్యే విషయం, "క్షీణోపాంత" అనే మాట దగ్గర పిల్లలు ఆగిపోయేవాళ్లు. ఇంగ్లీష్ మీడియం పిల్లలు "డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ" దగ్గర అలాగే ఆగిపోయేవాళ్లు. పల్లె పిల్లకు రెండూ కొత్త మాటలే.

తిక్కన 13వ శతాబ్దంలో ఇదే నెల్లూరులో భారతంలోని 15 పర్వాలు తెలుగు చేశాడు. కౌరవుల సభలో రాజకీయం, యుద్ధంలో ఎత్తుగడ, భీష్ముడి ధర్మబోధ, అంత విషయాన్నీ ఇంటి మాటల ఒరవడిలోకి తెచ్చాడు. మన పాఠ్యపుస్తకాలు ఆ దారిలో ఇంకొంచెం నడిచి ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అలాగని తెలుగు పదాలన్నీ కష్టమనీ కాదు. కొన్ని విషయాన్ని విప్పి చూపిస్తాయి. "కిరణజన్య సంయోగక్రియ" అన్న మాటను మూడు ముక్కలు చేసి చెబితే, వెలుగు వల్ల పుట్టే కలయిక అని ఆకు లోపల జరిగేదంతా దాంట్లోనే ఉంది. "పత్రహరితం" అంటే ఆకులోని పచ్చదనం. ఫోటోసింథసిస్, క్లోరోఫిల్ అనే మాటల్లోనూ ఇవే అర్థాలున్నాయి, కానీ అవి గ్రీకులో ఉన్నాయి. ఇంగ్లీష్ పిల్లలకు కూడా విప్పి చెబితే తప్ప కనిపించవు. ఒక్కోసారి తప్పు కూడా అలాగే దిగుమతి అవుతుంది. ఆక్సిజన్‌కు పాత తెలుగు పుస్తకాల్లో "ఆమ్లజని" అని ఉండేది, అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆమ్లాలన్నిటిలో ఆ వాయువు ఉంటుందని 18వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లవోసియే పొరపాటుగా అనుకుని ఆ పేరు పెట్టాడు. మనం ఆ పొరపాటును జాగ్రత్తగా తెలుగులోకి మార్చుకున్నాం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదు. ఇలాంటివి క్లాసులో చెబితే పిల్లలు ఆ మాటను జన్మలో మరిచిపోరు. రెండు భాషలూ తెలిసిన సారు దొరకడం అదృష్టమని అందుకే అంటాను.

పై చదువు మన భాషల్లో సాగదా అంటే సాగిన చరిత్ర ఉంది. హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు బోధన ఉర్దూలో సాగింది, వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. దానికి ముందే అనువాదాల కోసం ఒక సంస్థను పెట్టి పుస్తకాలు తయారు చేసుకున్నారు. పుస్తకాలు ముందు, క్లాసు తర్వాత. తెలుగులో ఇంజనీరింగ్ కోర్సుకు 2021లో దేశ సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ అనుమతి ఇచ్చినప్పుడు నేను సంతోషించాను. అయినా ఈ రోజు ఎవరైనా అడిగితే అందులో చేరమని చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు. మూడో ఏడు, నాలుగో ఏడు చదవాల్సిన పై పుస్తకాలు తెలుగులో తగినన్ని లేవు, ఎంటెక్‌లో చేరడానికి రాసే గేట్ పరీక్ష ఇంగ్లీష్‌లోనే ఉంటుంది, కంపెనీ ఇంటర్వ్యూ ఇంగ్లీష్‌లోనే జరుగుతుంది.

ఏ సబ్జెక్టుకు భాష ఎంత బరువు

లెక్కల్లో భాష బరువు తక్కువ. గుర్తులు అవే, అంకెలు అవే. అవకలనం అన్నా డిఫరెన్షియేషన్ అన్నా చేసే లెక్క ఒకటే. తెలుగు మీడియం నుంచి ఎంపీసీకి, అక్కణ్నుంచి ఇంజనీరింగ్‌కు వెళ్లే పిల్లలు రెండు మూడు నెలల్లో సర్దుకుంటారు. ఫిజిక్స్‌లో సమస్యను చదివి అర్థం చేసుకునే దగ్గర కొంచెం తడబాటు ఉంటుంది, అంతే. లెక్కల్లో చురుకైన పిల్లలను భాష భయంతో వెనక్కి లాగకండి. పల్లె స్కూల్లో చదివి పదిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ఒంగోలు ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల ఇంకో మేలు ఉంది. అది పది తర్వాత 6 ఏళ్ల చదువు. బీటెక్‌లోకి అడుగు పెట్టేలోపు భాషకు అలవాటు పడడానికి రెండేళ్లు చేతిలో ఉంటాయి. ఇంటర్ రెండేళ్లూ తెలుగులో గడిపి నేరుగా బీటెక్ మొదటి సెమిస్టర్‌లో పడ్డవాడికి ఆ వెసులుబాటు ఉండదు.

కామర్స్‌లో నా సలహా సూటిగా ఇంగ్లీష్ వైపే. జమాఖర్చు పుస్తకాలకు చిట్టా, ఆవర్జా, అంకణా అనే మంచి మాటలు మనకు ఉన్నాయి, పాత కోమటి కొట్లలో వాడారు. కానీ ఈ రోజు నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ ఆడిటర్ ఆఫీసుకు వెళ్లినా లెడ్జర్, వోచర్, ట్రయల్ బ్యాలెన్స్ అనే అంటారు. జీఎస్‌టీ రిటర్న్ కూడా ఇంగ్లీష్‌లోనే నింపుతారు. పని భాష అది.

హిస్టరీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, ఎకనామిక్స్ దగ్గర భాషే చదువు. ఇక్కడ వాదించాలి, కారణం చూపించాలి, రెండు అభిప్రాయాలను పక్కపక్కన పెట్టి తూకం వేయాలి. ఈ పని రాని భాషలో చేయమంటే పిల్లలు వాదించడం మానేసి గైడ్‌లోని పేరాలు అప్పజెబుతారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఎందుకు ఏర్పడింది అని పొట్టి శ్రీరాములు గారి జిల్లా పిల్లల్ని అడిగితే, తెలుగులో అరగంట చెప్పేవాళ్లు ఇంగ్లీష్ పరీక్షలో ఆరు లైన్లతో ఆపేయడం నేను పేపర్లు దిద్దుతూ ఎన్నోసార్లు చూశాను. ఆ ఆరు లైన్లకు మార్కులు వేయాల్సి వచ్చినప్పుడు నాకు చాలా బాధగా ఉండేది. ఆర్ట్స్ గ్రూపుల్లో ఇంటర్ తెలుగులో చదివే వీలుంటే తెలుగులోనే చదవనివ్వండి. విషయం మీద పట్టు వస్తుంది, రాత కుదురుతుంది. డిగ్రీలో ఇంగ్లీష్‌లోకి మారేటప్పుడు చెప్పడానికి తన దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. చెప్పాల్సింది ఉన్నవాడికి భాష త్వరగా వస్తుంది.

బైపీసీ, మెడిసిన్, నర్సింగ్ సంగతి వేరు. నీట్ తెలుగులో రాయొచ్చు. తెలుగు ఎంచుకుంటే పేపర్‌లో ఇంగ్లీష్ ప్రశ్న కూడా పక్కనే ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీష్ ప్రశ్ననే లెక్కలోకి తీసుకుంటారు, సెంటర్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఉంటాయి. కానీ సీటు వచ్చాక ఎంబీబీఎస్ అయినా బీఎస్సీ నర్సింగ్ అయినా ఇంగ్లీష్‌లోనే. శరీర భాగాల పేర్లు, మందుల పేర్లు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిని ఇంటర్ నుంచే ఇంగ్లీష్‌లో అలవాటు చేసుకోవడం తెలివైన పని.

కలిగిరి పాపకు నేను అదే చెప్పాను: ఇంగ్లీష్ మీడియం బైపీసీ తీసుకో, తెలుగు అకాడమీ బోటనీ, జువాలజీ పుస్తకాలు కూడా కొనుక్కుని పక్కన పెట్టుకో, పాఠం ముందు తెలుగులో చదివి ఆ తర్వాత ఇంగ్లీష్‌లో చదువు. ఇంకో మాట కూడా చెప్పాను. "రేపు నువ్వు వార్డులో నిలబడితే, ఉదయగిరి నుంచి వచ్చిన ముసలమ్మ నొప్పి అని ఊరుకోదు. సలుపుతోంది అంటుంది, గుంజుతోంది అంటుంది, మెలిపెడుతోంది అంటుంది, పొడుస్తోంది అంటుంది, మంటగా ఉంది అంటుంది. ఇవన్నీ వేరువేరు నొప్పులు. డాక్టరుకు నువ్వు ఇంగ్లీష్‌లో చెప్పాలి, ఆమె మాట నీకు తెలుగులో అందాలి. నీ తెలుగు నీకు అడ్డం అని ఎవరన్నా నమ్మొద్దు." అప్పటిదాకా తలొంచుకున్న పిల్ల అప్పుడు తలెత్తి చూసింది.

కెమిస్ట్రీ చదివేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఓర్చుకోవచ్చు అని మన దేశ ప్రమాణం చెబుతుంది. ఫ్లోరైడ్ బాధ ఉన్న కనిగిరి వైపు పిల్లలు ఈ అంకె పరీక్షలో ఇంగ్లీష్‌లో సరిగ్గానే రాస్తారు. తమ ఊళ్లో తాత కాళ్లు ఎందుకు వంకరపోయాయో, బోరు నీళ్లు కాచినా ఫ్లోరైడ్ ఎందుకు పోదో ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పగలిగిన వాళ్లు కొద్దిమందే కనిపించారు. ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదివిన పిల్లలు రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి రైతుతో మాట్లాడాల్సింది తెలుగులోనే. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున ఎందుకు పడిపోతుందో ఆ రైతుకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆ డిగ్రీ చెరువుకు పనికిరాదు.

పై మెట్టు ఏ భాష అడుగుతుంది

ఈ భాగం అడ్మిషన్‌కు ముందే చదువుకోవాలి.

జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగుతో కలిపి 13 భాషల్లో ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీష్, హిందీల్లోనే. ఐఐటీ లక్ష్యంగా పెట్టుకున్న పిల్లవాడు మెయిన్ తెలుగులో రాసి అడ్వాన్స్‌డ్ దగ్గర ఇబ్బంది పడే బదులు మొదటినుంచీ ఇంగ్లీష్ ప్రశ్నలకు అలవాటు పడాలి. రాష్ట్ర ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్, రెండు భాషల్లోనూ ప్రశ్నలు ఇస్తుంది కాబట్టి అక్కడ టెన్షన్ అక్కర్లేదు.

ఉద్యోగ పరీక్షల్లో తెలుగుకు ఈ మధ్య దారులు తెరుచుకున్నాయి. రైల్వే పరీక్షలు తెలుగులో రాయొచ్చు. గ్రామీణ బ్యాంకు పరీక్షలకు 2019లో తెలుగు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో కింది స్థాయి ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎంటీఎస్ పరీక్ష 2023 నుంచి తెలుగులో కూడా ఉంది. ఏపీపీఎస్సీ గ్రూప్-2లో ప్రశ్నలు రెండు భాషల్లో ఉంటాయి. గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో కానీ ఇంగ్లీష్‌లో కానీ రాసుకోవచ్చు. ఈ పరీక్షల కోసం మీడియం మార్చుకుని ఇబ్బంది పడాల్సిన పని లేదు. ఇంగ్లీష్ మీద విడిగా మార్కులున్న పేపర్లు కొన్నిట్లో ఉంటాయి, నోటిఫికేషన్‌లో అది చూసుకుని దానికి వేరే తయారుకండి.

సివిల్స్ గురించి అపోహలు ఎక్కువ. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుంటే దానికి 500 మార్కులు. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ గారు 2016 సివిల్స్‌లో తెలుగులో పరీక్ష రాసి దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. ఇది చెప్పి ఎంతోమంది పిల్లలకు ధైర్యమిచ్చాను. అదే నోటితో ఇంకోటి కూడా చెప్పాలి: ప్రిలిమ్స్ పేపర్ ఇంగ్లీష్, హిందీల్లోనే ఉంటుంది. మెయిన్స్‌లో ఒక ఇంగ్లీష్ పేపర్ 300 మార్కులకు ఉంటుంది, ర్యాంకుకు లెక్కించరు కానీ అందులో పాస్ మార్కులు రాకపోతే మిగతా పేపర్లు చూడరు. అంటే తెలుగులో రాసేవాడికి కూడా ఇంగ్లీష్ చదివి గ్రహించే శక్తి గట్టిగా ఉండాలి. మాట్లాడడం రాకపోయినా పర్వాలేదు, చదవడం రావాలి. మన పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల మీద పెట్టే డబ్బులో సగం ఇంగ్లీష్ పత్రిక చదివించడం మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

లా చదివేవాళ్లకు రెండు భాషలూ రెండు కాళ్లు. కందుకూరు, ఒంగోలు కోర్టుల్లో సాక్షి చెప్పేది తెలుగు. హైకోర్టులో, సుప్రీంకోర్టులో రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఇంగ్లీష్. ఇంగ్లీష్ రాని ప్లీడరు హైకోర్టు తీర్పులు చదవలేడు. తెలుగు సరిగ్గా రాని ప్లీడరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షిని ఏమడగాలో అది అడగలేడు.

కాలేజీకి వెళ్లి ఏం చూడాలి

బోర్డు మీద ఏ మీడియం అని రాసి ఉందో చూసి రావద్దు. వీలైతే ఒక రోజు అరగంట క్లాసు బయట నిలబడి వినండి. ఒంగోలు శర్మ కాలేజీ అయినా, కావలి జవహర్ భారతి అయినా, మీ మండలంలోని చిన్న డిగ్రీ కాలేజీ అయినా సరే. సారు ఇంగ్లీష్ వాక్యం చదివి, తెలుగులో విడమరిచి, మళ్లీ అదే ఇంగ్లీష్ వాక్యానికి వచ్చి పిల్లలతో చెప్పిస్తున్నాడా? అలా అయితే మంచి చోటు. తెలుగులో కథలా చెప్పి, చివర్లో నోట్సు డిక్టేట్ చేసి వెళ్లిపోతున్నాడా? అక్కడ పిల్లలు విన్నది వేరు, రాసేది వేరు. ఇంగ్లీష్‌లోనే మొదలుపెట్టి ఇంగ్లీష్‌లోనే ముగించి ఒక్క ప్రశ్న కూడా రాని క్లాసు నుంచైతే నేను నా మనవరాల్ని వెంటనే తీసుకొచ్చేస్తాను.

లైబ్రరీలో తెలుగు అకాడమీ పుస్తకాలు ఉన్నాయా అని అడగండి. ఇంగ్లీష్ మీడియంలో చదివేవాళ్లకే అవి ఎక్కువ అవసరం. సీనియర్ పిల్లలతో ఐదు నిమిషాలు మాట్లాడి, మొదటి సెమిస్టర్‌లో ఎంతమంది ఏ సబ్జెక్టులో ఆగిపోయారో కనుక్కోండి. ప్రిన్సిపాల్ కన్నా వాళ్లు నిజం చెబుతారు.

తెలుగునే చదవాలనుకుంటే

తెలుగు ఎంఏ అంటే ఇంకేమీ దొరకనివాళ్లు చేరేది అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. దాని కోసం పెట్టిన అధ్యయన కేంద్రం మొదట మైసూరులో ఉండేది, ఇప్పుడు మన నెల్లూరులో ఉంది. తెలుగు బాగా వచ్చి, ఇంగ్లీష్ చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లకు టీచరు, లెక్చరర్ పోస్టులతో పాటు అనువాదం, పత్రికలు, టీవీ ఉన్నాయి. ఈ రంగంలోకి వచ్చే పిల్లలు ఇంగ్లీష్‌ను వదిలేయడమే నేను చూసిన పెద్ద పొరపాటు. ఒక్క భాషతో అనువాదం సాగదు.

ఇప్పటికే చేరి ఇబ్బంది పడుతున్నవాళ్లకు

తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీష్ డిగ్రీలో మొదటి సెమిస్టర్‌లో తడబడుతుంటే కోర్సు మానేయకండి. మొదటి 6 నెలలు కష్టంగానే ఉంటాయి, ఆ తర్వాత మెల్లగా తేలికపడుతుంది. నేను నా విద్యార్థులతో చేయించిన పద్ధతి ఇది. ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనండి. ఎడమ పేజీలో పాఠంలోని ప్రశ్నకు జవాబు మీ సొంత తెలుగులో రాయండి, గైడ్ చూడకుండా, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే. కుడి పేజీలో అదే జవాబు ఇంగ్లీష్‌లో, చిన్న చిన్న వాక్యాలతో. తప్పులు వస్తాయి, రానివ్వండి. టెక్నికల్ మాటలను మాత్రం ఇంగ్లీష్‌లో ఉన్నవి ఉన్నట్టే రెండు వైపులా ఉంచండి. "మార్జినల్" అనే మాటను తెలుగు పేజీలో కూడా "మార్జినల్" అనే రాయండి, పక్కన మజ్జిగ గ్లాసు గుర్తుకొచ్చేలా రెండు ముక్కలు రాసుకోండి. రోజుకు ఒక్క జవాబు చాలు. ఎడమ పేజీ ఖాళీగా ఉండిపోయిన రోజు కుడి పేజీ జోలికి వెళ్లొద్దు, ఆ పాఠం ఇంకా అర్థం కాలేదన్నమాట. మర్నాడు ఆ పేజీ పట్టుకుని సారు దగ్గరికి వెళ్లండి, "ఇది నాకు తెలుగులో చెప్పండి సార్" అని అడగండి. అలా అడిగిన పిల్లల మీద నేను గానీ, నాతో పనిచేసిన మంచి లెక్చరర్లు గానీ ఎన్నడూ విసుక్కోలేదు.